ఇంటి తరఫున తిన్న పాలన్నం

శ్రీ వాఘ్‌జాయి అమ్మవారు కాపాడుగాక
వాఘ్‌జాయిగడ్ కోట, సర్వజిత్ నామ సంవత్సరం, ఆశ్వయుజ బహుళ తదియ

చిరంజీవి సటవోజీకి అక్క గోజరాబాయి దీవెనలు.

ఈ ఉత్తరం నీకంటే ముందు కోట లేఖకుడు త్రింబక్ పంతులు చదువుతాడు. చదివి, నచ్చితే ముద్ర వేసి పంపుతాడట. పంతులుగారూ, నమస్కారం. మీ దగ్గు తగ్గిందా? తులసాకు నమలమని చెప్పాను, మీరు నమలరు. ఇక మా తమ్ముడితో నన్ను మాట్లాడుకోనివ్వండి.

దసరాకి అమ్మవారి దర్శనం చేసుకుని పోదురుగాని రమ్మని రాణీగారి పేరు మీద పల్లకీ వస్తేనే కదా, నేనూ మా అమ్మాయి రఖమా ఎక్కి వచ్చాం. దసరా అయిపోయింది. పల్లకీ మాత్రం కనిపించదు. అడిగితే బోయీలకి కాళ్ళు వాచాయంటారు. అందరికీ ఒకేసారి వాచాయా అంటే కోటని కాచే కిల్లేదారు పిరాజీ నాయక్ గడ్డం నిమురుకుంటాడు. లోయలో ఉన్న ప్రతి దేశముఖు ఇంటి నుంచీ ఒక ఆడమనిషీ, ఒక బిడ్డా ఇక్కడే ఉన్నారు. మమ్మల్ని అతిథులంటున్నారు. మర్యాదకేం లోటు లేదు. గుమ్మం దాటితే మాత్రం ఇద్దరు బల్లేలవాళ్ళు మర్యాదగా వెంట వస్తారు.

అసలు సంగతికొస్తాను. దసరా మర్నాడు రాణీగారి దూత వచ్చి సర్దార్లందరినీ గుళ్ళో కూర్చోబెట్టి, ఒకే వెండి పళ్ళెంలో పాలన్నం కలిపించాడు. మొగలుల డేరాల్లోంచి విడుదలై ఇటు వస్తున్నవాడు మన పాత రాజుగారి కొడుకు కాదు, వేషగాడు. రాణీగారి కొడుకే మాకు రాజు. మాట తప్పితే ఈ అన్నం మా కడుపులో విషమవుగాక. ఇలా ఒట్టు పెట్టుకుంటూ ఒక్కొక్కరూ ఒక్కో ముద్ద తిన్నారు. నువ్వు జ్వరమని రాలేదు. "మా ఇంటి తరఫున అక్క తింటుంది" అని చెప్పి పంపావట. నాతో ఒక్క మాటైనా అనలేదేం?

సరే, తిన్నాను. తెర వెనక నుంచి చెయ్యి చాపి ముద్ద తీసుకున్నాను. మీ బావ యుద్ధంలో పోయినప్పటి నుంచి నన్ను ఏ శుభకార్యంలోనూ ఎవరూ ముందుకి పిలవలేదు. ఎదురొస్తే అపశకునమని పక్కకి తప్పుకోమన్నవాళ్ళే. ఇప్పుడు ఇంటి పేరు పెట్టి పిలిచి, రండి అన్నారు. ఒక్క మెతుకు కూడా కింద పడనివ్వలేదు, నవ్వకు.

జ్వరం ఎలా ఉంది? వేడినీళ్ళు తాగు. ఫాల్గుణంలో రఖమాకీ నీ కొడుకు యశవంతుకీ పెళ్ళి పెట్టుకున్నాం కదా. వాడి తలపాగాకి ఇది జరీ అంచు కుడుతోంది. ఎప్పుడొచ్చి తీసుకెళ్తావు?

నీ అక్క, గోజరా

*

కోండవలి, కార్తిక శుద్ధ పంచమి

పూజ్యురాలైన అక్కగారి పాదాలకి సటవోజీ నమస్కారం.

త్రింబక్ పంతులుగారికి వేరే నమస్కారం. మా ఇల్లు తాతల నాటి నుంచి రాణీగారి ఇంటి ఉప్పు తిన్నది. ఆ వేషగాణ్ణి చూస్తే నా కత్తి నన్నడక్కుండానే లేస్తుంది. ఈ పాడు జ్వరమొక్కటే అడ్డు. కిల్లేదారుగారికి ఈ మాట వినబడేట్టు చదవండి.

అక్కా, నువ్వు పాలన్నం తినడం మన అదృష్టం. అక్కడే ఉండు. లోయలో మొగలు గుర్రాలు తిరుగుతున్నాయి, కొండ మీదే క్షేమం. అంబేమోహర్ బియ్యం, రెండు మేకపోతులు, నీకు ఒక ఉన్ని శాలువా పంపుతున్నాను. మేకపోతుల్లో ఒకటి కిల్లేదారుగారికి. రఖమాని అడిగానని చెప్పు. యశవంతు గుర్రపు స్వారీలో గట్టివాడయ్యాడు. పెళ్ళి మాటలు తీరిగ్గా మాట్లాడుకుందాం.

కష్టకాలంలో మన తాతగారు ఏం చేసేవారో గుర్తు తెచ్చుకో. నేనూ ఆయన దారినే నడుస్తాను. అంతకంటే రాయను.

నీ తమ్ముడు, సటవోజీ

*

వాఘ్‌జాయిగడ్, కార్తిక బహుళ ఏకాదశి

సటవోజీ,

ఈ ఉత్తరం పంతులు చదవడు. ధన్‌గర్ల ఠాకూ తెస్తుంది, వెన్నకుండలో పెట్టి. రోజూ కోటకి పాలు పోయడానికి కొండెక్కే మేకలకాపరి మనిషి. ఆమెకో పద్ధతుంది. ఖాళీ కడుపుతో ఉన్నవాడికి కబురు చెబితే కబురు చెడిపోతుందట. ముందు గిన్నెడు పాలు తాగిస్తుంది, తర్వాతే కుండ మూత తీస్తుంది. ఎంత దేశముఖువైనా మారు మాట్లాడకుండా తాగు.

ఇక్కడ ఒక మాట వినిపిస్తోంది. భీమ ఒడ్డున జరిగిన యుద్ధంలో రాణీగారి సైన్యం ఓడిందట. పాలన్నం తిన్నవాళ్ళలో సగంమంది గట్టు దాటి వేషగాడన్న ఆ రాకుమారుడి వైపే వెళ్ళారట. వాళ్ళలో నీ పేరు కూడా చెప్పారు. కిల్లేదారు భార్య దర్యాబాయి మా గదికొచ్చి మరీ చెప్పింది.

"మీ తమ్ముడికి జ్వరం తగ్గిందటమ్మా, గుర్రమెక్కి తిరుగుతున్నాడట" అంది.

"మా వాడు మంచం మీదున్నాడు. నోటికొచ్చింది మాట్లాడకు" అన్నాను.

"మంచానికి కాళ్ళొచ్చాయేమో మరి" అని నవ్వింది.

ఆమె మీద గిన్నె విసిరాను. తగల్లేదు. ఆ సాయంత్రమే మమ్మల్ని భవంతిలోంచి ధాన్యపు కొట్టు మీది గదిలోకి మార్చారు. కిటికీ అరచేతి వెడల్పు. ఎలుకలకి మాత్రం రాకపోకలకి అడ్డేం లేదు. రఖమా వాటికి సర్దార్ల పేర్లు పెట్టి పిలుస్తోంది. బాగా బలిసినదానికి ఏ పేరు పెట్టిందో నీకు చెప్పను.

నేను ఆ మాట నమ్మలేదు. తాతగారి దారి అని రాశావుగా, అదే పట్టుకుని కూర్చున్నాను. చిన్నతాత గాయపడి సుల్తాను కోటలో చిక్కుకుపోతే, తాతగారు సగం దారి దిగినవారు మళ్ళీ కొండెక్కి వెళ్ళి భుజం మీద మోసుకొచ్చారు. "మనవాళ్ళని పైన వదిలి కిందకి దిగేవాడు మగాడు కాదు" అనేవారు. నువ్వు వస్తావన్నమాట. పంతులు చదువుతాడని విప్పి రాయలేదు, అంతే కదా? ఒక్క ముక్క రాయి, చాలు. ఇక్కడ గోడలు రోజుకింత దగ్గరకి జరుగుతున్నట్టుంది.

గోజరా

*

కోండవలి, మార్గశిర శుద్ధ సప్తమి

అక్కా,

నీ ఠాకూ మేకపాలు గిన్నె నిండా తాగాకే నీ ఉత్తరం చేతికొచ్చింది. ఆ వాసన ఇంకా మీసాల్లోనే ఉంది. ఆడది కాకపోతే కొట్టించేవాణ్ణి.

నిజం చెబుతాను, కోపం తెచ్చుకోకు. నేను వెళ్ళాను. రాకుమారుణ్ణి కళ్ళారా చూశాను. వేషగాడు కాదు, పాత రాజుగారి ముక్కే, ఆ చూపే. రేపు సింహాసనం ఆయనదే. మన దేశముఖీ నిలవాలంటే వేరే దారి లేదు.

తాతగారి దారి అంటే నువ్వు చిన్నతాత కథ పట్టుకున్నావా? అక్కా, అది అమ్మ మనల్ని నిద్రపుచ్చడానికి చెప్పిన కథ. తాతగారు చేసింది వేరు. ఒక కొడుకుని సుల్తాను కొలువులో, ఒక కొడుకుని రాజుగారి కొలువులో పెట్టారు. ఎవరు గెలిచినా ఊళ్ళు మనవే. లోయలో ఏ పెద్దింటివాళ్ళు అలా చేయలేదు చెప్పు? ఇప్పుడు నాకు తమ్ముడు లేడు. ఉన్నది నువ్వే. నేనిటు, నువ్వటు. రాణీగారు గెలిస్తే, పాలన్నం తిన్నది మా ఇంటి మనిషే కదా అని మనకి ఊళ్ళు మిగులుతాయి. ఇటు గెలిస్తే నేనున్నాను. నీ చేత తినిపించింది అందుకే. ఆడదాని ఒట్టుని ఎవరూ ఒట్టుగా లెక్కపెట్టరు, కాబట్టి ఆ అన్నం నిన్నూ అంటదు, నన్నూ అంటదు. నేను ఒట్టు తప్పించుకున్న ఉపాయాన్ని రాకుమారుడి దివానే మెచ్చుకున్నాడు.

ఇంకొకటి. యశవంతుకి ఇటు సైన్యాధిపతి కూతుర్ని చేసుకోమని అడిగారు. కాదనగలనా? మాఘంలో పెళ్ళి. రఖమాకి ఇంతకంటే మంచి సంబంధం నేనే తెస్తాను, నా ఒట్టు. వాడు ఇప్పుడు రాకుమారుడి డేరాలోనే ఉంటున్నాడు, కొలువు చేస్తూ. నీకోసం అల్లం పాకం పంపుతున్నాను, కొండ మీద చలెక్కువ.

సటవోజీ

*

వాఘ్‌జాయిగడ్, మార్గశిర బహుళ చవితి

సటవోజీకి,

అల్లం పాకం ఎలుకలకి పెట్టాను. అవీ ముట్టలేదు.

నా ఒట్టు ఒట్టు కాదన్నావు. ఆ రోజు పళ్ళెం తెర దగ్గరికొచ్చినప్పుడు పాలు ఇంకా వెచ్చగా ఉన్నాయి. చక్కెర వేయలేదు. నేను మాటలు నత్తి లేకుండా పలికాను, పూజారి నన్ను రెండోసారి పలికించాల్సిన పని పడలేదు. అది నా గొంతు. నువ్వు వేసిన వేషం అనుకున్నావా?

రఖమాకి పెళ్ళి సంగతి చెప్పాను. ఏడవలేదు. అంచు కుట్టడం ఆపి, కుట్టినదంతా విప్పడం మొదలుపెట్టింది. దారం పాడవకుండా, మెల్లగా. నాకు ఏడుపొచ్చింది.

నీ సంగతి తెలిశాక పిరాజీ నాయక్ మమ్మల్ని కొండ చివరికి తీసుకెళ్ళి తోసేయాలి, అది రాణీగారి ఆజ్ఞ. తోయలేదు. గదికొచ్చి గుమ్మం బయటే నిలబడి, "బాయీసాహెబ్, మా పెద్దవాడు పన్హాళా కోటలో రాణీగారి దగ్గర ఉన్నాడు. నేను కోట వదిలితే వాణ్ణి వదలరు. మా బావమరిది మీ తమ్ముడి పక్క డేరాలోనే ఉన్నాడు. నేను మిమ్మల్ని తోస్తే రేపు వాడు నా ముఖం చూడడు. మీరు తినండి, పడుకోండి, నాకు కనపడకండి" అన్నాడు. దర్యాబాయి ఇప్పుడు నవ్వడం లేదు. నిన్న తన శాలువా తెచ్చి రఖమాకి కప్పింది.

ఇప్పుడు తెలిసింది నాకు. ఈ రాజ్యంలో ఎవరి బిడ్డా వాళ్ళ ఇంట్లో లేదు. అందరం ఒకరి దగ్గర ఒకరం తాకట్టులో ఉన్నాం. యశవంతు కొలువు చేస్తున్నాడని రాశావు. ఏ కొలువురా? డేరా బయటకి వాడు ఒంటరిగా రాగలడా? అదొక్కటి నిజం రాయి.

గోజరా

*

కొండ కింద దండు, పుష్య బహుళ దశమి

అక్కా,

నిజమే రాస్తున్నాను. రాలేడు.

ఇప్పుడు నేను మీ కొండ కిందే ఉన్నాను. ధాన్యపు కొట్టు నాకు కనిపిస్తోంది. ఆ అరచేతి కిటికీ ఏదో పోల్చుకోలేక పొద్దంతా చూశాను. కోట ముట్టడి నాకే అప్పగించారు; పాలు పోసే ఠాకూని మాత్రం ఆపొద్దని మావాళ్ళకి చెప్పాను. ఎందుకో తెలుసా? పైన మా అక్క ఉంది, తలుపు తీస్తుందని నేనే మాటిచ్చాను. నన్ను నమ్మడానికి వాళ్ళకి ఒక్క కారణం కావాల్సి వచ్చింది. అదొక్కటే నా దగ్గరుంది. హామీగా యశవంతు పేరు రాయించుకున్నారు.

అమ్మవారి గుడి వెనక ప్రాకారంలో దిడ్డి తలుపుంది. మాఘ పౌర్ణమినాడు పొద్దున్నే కోటలో ఆడవాళ్ళు నైవేద్యం తెచ్చేటప్పుడు ఘోషా కదా, కావలివాళ్ళు గుడి చుట్టుపక్కల ఉండరు. నువ్వు గడియ తీసి పక్కకి తప్పుకుంటే చాలు. నా మనుషులు బండ కింద కాచుకుని ఉంటారు. ఆ పూటే నువ్వూ రఖమా మన ఇంట్లో భోజనం చేస్తారు. రఖమాకి నేను ఏ సంబంధం కావాలంటే అది తెస్తాను.

తియ్యకపోతే వాణ్ణి ఏం చేస్తారో నేను రాయలేను. నువ్వు ఎత్తుకుని పెంచినవాడే కదా. అడకత్తెరలో పోకచెక్కలా ఉన్నాను అక్కా. ఉపాయాలన్నీ అయిపోయాయి. నీ కాళ్ళు పట్టుకుంటాను. తలుపు తియ్యి.

సటవోజీ

*

వాఘ్‌జాయిగడ్, మాఘ శుద్ధ దశమి

కోండవలి సటవోజీకి, రాణీగారి పక్షాన ఒట్టు తిన్న గోజరాబాయి రాసేది. దీవెనలు లేవు.

దిడ్డి తీస్తానని నీకు కబురు పంపి నమ్మించింది నేనే. నువ్వు తెలివితక్కువవాడివి, చిన్నప్పటి నుంచీ నేనేం చెప్పినా నమ్మేవాడివి, ఇదీ నమ్మావు. ఆ దిడ్డిని రాళ్ళతో పూడ్పించాను. నీ మనుషుల్ని పంపితే గోడకి తలలు కొట్టుకుని దిగుతారు. నువ్వు నీ రాజుకి నమ్మకంగా ఉన్నావు, నేను నా రాణికి నమ్మకంగా ఉన్నాను. తమ్ముణ్ణి ముంచిన అక్క అని లోకం నన్ను అననీ. గోడ మీద పిల్లిలా బతికిన ఇంట్లో పుట్టినందుకు సిగ్గుపడుతున్నాను. ఇకమీదట నీకూ నాకూ మాటల్లేవు.

గోజరాబాయి

*

అదే రోజు, అదే చేత్తో

తమ్ముడూ,

పై ఉత్తరం నీ రాకుమారుడికి చూపించు. ఇది చదివి పొయ్యిలో వెయ్యి.

నువ్వు మాట తప్పావని తెలిస్తే యశవంతుని బతకనివ్వరు. సొంత అక్క చేతిలో మోసపోయావని తెలిస్తే జాలిపడతారు, నవ్వుకుంటారు, రెండు రోజులు నిన్ను వెర్రివాడంటారు. అనిపించుకో. వాడి ప్రాణానికి ఆ మాట చాలా చవక. ఆ తిట్లన్నీ చూపించడానికే రాశాననుకునేవు. సగమే చూపించడానికి.

దిడ్డి పూడ్చింది మాత్రం నిజం. దర్యాబాయి, నేను, తక్కిన ఇళ్ళ ఆడవాళ్ళం కొంగుల్లో రాళ్ళు మోశాం. "ఎందుకు?" అని పిరాజీ నాయక్ అడగలేదు. అడిగితే నేను చెప్పాలి, చెబితే ఆయన నన్ను తోయించాలి. పెద్దమనిషి, గడ్డం నిమురుకుని వెళ్ళిపోయాడు. ఆ తలుపు తీసి ఉంటే ఈ ఆడవాళ్ళ బిడ్డలు ఏమయ్యేవారు? నీ మనుషులు కత్తులతో లోపలికొచ్చి, ఎవరి బిడ్డ ఏ పక్షమో అడిగి చూసుకుంటారా? వాళ్ళతో కలిసి తింటున్నాను నేను, ఇన్నాళ్ళుగా. అన్నం నన్ను అంటదన్నావు. అంటింది తమ్ముడూ. ఇంటి తరఫున తినమన్నావు, తిన్నాను. మన ఇంట్లో ఒక్కరైనా తిన్నదానికి కట్టుబడి ఉండాలని నాకనిపించింది. నాకు ఇక్కడి నుంచి బయటకి దారి లేదు. భయంగానే ఉంది. ఇంటి ముందు తులసికోట దగ్గర కూర్చోవాలని ఎంతగా ఉందో నీకు చెప్పలేను.

ఇక రఖమా. దానికి అమ్మవారు పోసిందని ఇక్కడ చెప్పాను. ఎవరూ గదిలోకి రావడం లేదు, వేపమండలు గుమ్మంలో పెట్టి వెళ్తున్నారు. కొద్ది రోజుల్లో పోయిందని చెబుతాను. పిరాజీ నాయక్ మంచం కేసి చూడడు, ఆయన అడగని మనిషి. నీకూ కబురొస్తుంది. విన్న రోజు మేనమామలా తలస్నానం చేసి నీళ్ళు వదులు. పదిమందిలో గట్టిగా ఏడు. నీకు ఏడుపు తెచ్చుకోవాల్సిన పని ఉండదులే.

అది పోలేదు. జుట్టు ధన్‌గర్ల ముడి వేశాను, ముఖానికి మసి రాశాను, చేతికి ఇనప కడియం తొడిగాను. ఘోషాలో పెరిగిన పిల్ల ముఖం కోటలో ఏ కావలివాడికీ తెలియదు. మొన్న పాలకుండ నెత్తిన పెట్టుకుని, ఠాకూ వెంట, పట్టపగలు, పెద్ద దర్వాజాలోంచి దిగింది. అడుగులు సరిగ్గా పడతాయో లేదో అని కిటికీకి కన్ను ఆనించి చూశాను. మలుపు దాకా కనిపించింది. ఒక్కసారీ వెనక్కి తిరగలేదు. తిరగొద్దని నేనే చెప్పాను, అయినా తిరుగుతుందేమోనని చూశాను.

ఠాకూవాళ్ళు మందతో సాగిపోతున్నారు. ఎటో నేను అడగలేదు. తెలిస్తే నేనూ దాన్ని ఎవరికో ఒకరికి హామీ పెడతానేమో, మన రక్తమే కదా.

ఈ ఉత్తరం ఠాకూ నీకిచ్చినప్పుడు ఆమె వెనక కుండ పట్టుకుని ఒక పిల్ల నిలబడి ఉంటుంది. నువ్వు చూసి ఉండవు. ముక్కు మూసుకుని, మేకపాల వాసనని ఏదో అని ఉంటావు. గిన్నెలో పాలు పోసింది ఆ పిల్లే. చెయ్యి వణకకుండా పోయమని చెప్పాను.

ఇప్పుడు లేచి బయటకి పరిగెత్తకు. గుర్రాలు పంపకు. ఆ పాలు నువ్వు తాగావు, సటవోజీ. ఆ పిల్ల జోలికి రావని ఒట్టు తిన్నట్టే.

నీ అక్క